ఐదు కిలోల బియ్యం, అరకోసు దూరం

కృష్ణా జిల్లాలోని కృత్తివెన్ను మీదుగా పోయే 216వ జాతీయ రహదారి మీద రొయ్యల లారీలు రాత్రీ పగలూ తిరుగుతుంటాయి. చెరువులో పట్టిన రొయ్య ఐసులో సర్దుకుని గంటల్లో ఫ్యాక్టరీకి చేరిపోతుంది. అదే మండలంలో, ఆ చెరువు గట్ల వెనకే, పిల్లలు హైదరాబాదుకో గల్ఫుకో వెళ్ళిపోగా ఒంటరిగా మిగిలిన ముసలివాళ్ళున్నారు. వాళ్ళకు నెలకు రావాల్సిన ఐదు కిలోల బియ్యం రేషన్ షాపులోనే ఉంటాయి. ఇంటికి రావాలంటే ఎవరో ఒకరు సంచి ఎత్తుకోవాలి.

ఆ మోత ఎవరిదన్నదే అసలు సమస్య. 2013 నాటి ఆహార భద్రత చట్టం మనిషికి నెలకు ఐదు కిలోల ధాన్యాన్ని హక్కుగా ఇచ్చింది. మరీ నిరుపేదల అంత్యోదయ కార్డుకు 35 కిలోలు వస్తాయి. 2023 జనవరి నుంచి ఈ బియ్యానికి రూపాయి కూడా కట్టక్కర్లేదు. ఇంత చేసిన చట్టం మోకాళ్ళ నొప్పుల గురించి మాత్రం ఆలోచించలేదు.

తెలుగునాట ఆ ఆలోచన చట్టం వచ్చిన కొన్నేళ్ళకు మొదలైంది. 2019 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ వాలంటీర్లు వచ్చారు. సుమారు యాభై ఇళ్ళకు ఒకరు, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం. 2020 ఫిబ్రవరి నుంచి పింఛను డబ్బు గడప దగ్గరే చేతిలో పెట్టారు. 2021 జనవరిలో 9,260 రేషన్ వాహనాలు రోడ్డెక్కాయి. బండి వీధి దాకా వచ్చేది. అయితే వీధి మొదట్లో ఆగిన బండి దగ్గరికి కర్ర పట్టుకుని నడవాల్సిన వాళ్ళకు మిగిలిన ఆ నాలుగడుగులే పెద్ద దూరం. బండి వచ్చిన వేళకు కూలికి పోయినవాళ్ళది మరో ఇబ్బంది.

2024 ఎన్నికల ముందు డబ్బు పంపిణీ నుంచి వాలంటీర్లను ఎన్నికల సంఘం పక్కన పెట్టింది. ఆ ఏప్రిల్ ఎండల్లో ముసలివాళ్ళు గ్రామ సచివాలయాల ముందు పడిగాపులు పడ్డారు. రాజకీయాలు ఎలా ఉన్నా ఆ నెల ఒక సంగతి తేల్చి చెప్పింది: ఇంటికొచ్చే మనిషి ఒక్కసారి రాకపోతే ఏమవుతుందో రాష్ట్రమంతా కళ్ళారా చూసింది. జులై 1 నుంచి సచివాలయ ఉద్యోగులే ఇళ్ళకు వెళ్ళి, పెంచిన 4,000 రూపాయల పింఛను ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ 4,000లో కేంద్రం వాటా ఎనభై ఏళ్ళ లోపు వాళ్ళకు 200 రూపాయలే, దాటినవాళ్ళకు 500.

2025 జూన్‌లో రేషన్ వాహనాలు ఆగిపోయాయి. సరుకులు మళ్ళీ చౌకధరల దుకాణాలకే చేరాయి. 65 ఏళ్ళు దాటినవాళ్ళకూ దివ్యాంగులకూ మాత్రం డీలరే ఇంటికి తెచ్చి ఇవ్వాలన్నారు. అందుకు ప్రతి నెలా 26 నుంచి 30 వరకు గడువు పెట్టారు. మంచి నిర్ణయం. వీధిలో బండి నిలపడం కన్నా గడప దాకా రావడం ముసలివాళ్ళకు ఎక్కువ మేలు. కానీ ఐదు రోజుల్లో ఒక డీలరు ఎన్ని గడపలు తొక్కగలడు? మెరక మీది ఊళ్ళో అది ఒక పూట పని. లంకల్లో సంగతి వేరు.

నాగాయలంక మండలంలోని ఎదురుమొండి దీవికి కృష్ణ పాయ దాటే రేవుంది, పంటు ఎక్కాలి. ఈలచెట్లదిబ్బకు పడవే దారి. ఇటు కృత్తివెన్నులో ఉప్పుటేరుకూ సముద్రానికీ మధ్య ఊళ్ళున్నాయి. గాలివాన లేచిందంటే పడవ కదలదు. అలాంటి వారంలో బియ్యం డబ్బా అడుగంటితే అడగడానికి పక్కింటివాళ్ళు తప్ప ఎవరూ ఉండరు.

వేలిముద్రల సంగతీ ఉంది. జీవితమంతా నాట్లు వేసి, వల లాగి, రొయ్యలు ఒలిచిన చేతుల గీతలు అరిగిపోతాయి. రేషన్ షాపు ఈ-పోస్ యంత్రం మీద ముద్ర పడదు. కంటిపాపతో గుర్తించే ఏర్పాటు ఉన్నా, అది కావాలని డీలరును గట్టిగా అడిగే మనిషి పక్కనుండాలి.

అసలు బియ్యంతోనే ఇల్లు గడవదు కదా. పప్పు, నూనె, ఉప్పు, చింతపండు, సబ్బు, బీపీ మాత్రలు కావాలి. ఈ తీరంలో వీటన్నిటికన్నా బరువైన సరుకు మంచినీళ్ళు. బోరు వేస్తే ఉప్పునీరు పడే ఊళ్ళలో తాగడానికి ఇరవై లీటర్ల టిన్ను కొనుక్కుంటారు. డెబ్భై ఏళ్ళ చేతులు దాన్ని అరుగు మీదికి ఎత్తలేవు. ఏ ప్రభుత్వ జాబితాలోనూ లేని ఈ మోతే స్వచ్ఛందంగా వచ్చేవాళ్ళ అవసరాన్ని చెబుతుంది.

బ్రిటన్‌లో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మహిళా స్వచ్ఛంద సేవకులు వృద్ధుల ఇళ్ళకు వేడి భోజనం చేరవేయడం మొదలుపెట్టారు. 1954లో అమెరికాలోని ఫిలడెల్ఫియా ఆ పద్ధతిని అందుకుంది. క్యారేజీ ఇచ్చి వెళ్ళిపోకుండా రెండు నిమిషాలు నిలబడి మనిషి ఎలా ఉన్నారో చూసి రావడం అక్కడ పనిలో భాగమైంది. మన దేశంలో 1978లో పుట్టిన హెల్పేజ్ ఇండియా, దాతల సాయంతో నిరుపేద వృద్ధులకు నెలనెలా సరుకులు అందే ఏర్పాటు చేసింది.

ఈ నేలకు ఇలాంటి సేవ కొత్తేం కాదు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తి వేలమందిని మింగినప్పుడు, బురదలో నడిచి తిండీ బట్టా మోసుకొచ్చినవాళ్ళలో ఎక్కడెక్కడి వాళ్ళో ఉన్నారు. రామకృష్ణ మిషన్ వచ్చి ఇళ్ళు కట్టింది. మదర్ థెరిసా వచ్చారు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడూ బియ్యం, పప్పు, నూనె పంచారు. విపత్తు వేళ మనవాళ్ళు కదిలినంత వేగంగా బహుశా ఎవరూ కదలరు. ఏ గాలివానా లేని మామూలు నెలలోనే ముసలివాళ్ళను మరిచిపోతున్నారు.

దీనికి పెద్ద సంఘమేమీ అక్కర్లేదు. మోపెడ్ ఉన్న కుర్రాడు ఒకడు, ఒక చీటీ, ఐదు ఇళ్ళు చాలు. వారానికోసారి గుమ్మంలో నిలబడి "మామ్మగారూ, ఈ వారం ఏం తేవాలి?" అని అడిగి రాసుకోవాలి. కొన్న వాటికి చిల్లరతో సహా లెక్క చెప్పాలి, ఎందుకంటే ఆ పింఛను డబ్బులో ప్రతి పది రూపాయలకూ ముందే ఒక ఖర్చు రాసిపెట్టి ఉంటుంది. కార్డు, పాస్‌బుక్కు వాళ్ళ దగ్గరే ఉంచాలి. దయ చూపుతున్నట్టు కాకుండా మనవడు సంతకెళ్ళినట్టు వెళ్ళి రావాలి.

ఈ నెల 26న మీ వీధిలో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ ఇంటికి ఒకసారి వెళ్ళండి. డీలరు వచ్చాడా, వేలిముద్ర పడిందా అని అడగండి. వచ్చేటప్పుడు ఆ నీళ్ళ టిన్ను ఎత్తి అరుగు మీద పెట్టి రండి.