మంత్రిమండలి రహస్యములు - పౌరుని హక్కు

నిజాం కాలమున బోధనులో వెలసిన చక్కెర కర్మాగారములో 51 శాతము వాటాను 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రైవేటు సంస్థ కప్పగించినది. 2015 డిసెంబరులో కర్మాగారము మూతపడినది. ఆ విక్రయమునకు ఆధారమైన కాగితములను చూపుడని కోటగిరి చెఱకు రైతు కోరినచో మంత్రి కాదనగలడా?

పూర్వము ఈ ప్రశ్నకు తావే లేదు. 1923 నాటి అధికార రహస్యముల చట్టము క్రింద, అనుమతి లేక కార్యాలయపు సమాచారమును వెలిబుచ్చుట నేరము. 1975లో రాజ్‌నారాయణ్ కేసున సుప్రీంకోర్టు, పాలకుల చర్యలను తెలిసికొను హక్కు ప్రజలకు కలదని చాటినది. 2005 నాటి సమాచార హక్కు చట్టము ఇచ్చుటను నియమముగను, నిరాకరించుటను మినహాయింపుగను చేసినది.

బ్రిటనులో 2000 నాటి చట్టము, ధ్రువపత్రముతో సమాచారము నాపు అధికారమును మంత్రుల కిచ్చినది. చార్లెసు యువరాజుగా నున్నప్పటి లేఖల విషయమున అట్టి ధ్రువపత్రమును 2015లో అక్కడి సుప్రీంకోర్టు చెల్లదన్నది. మన చట్టమున మంత్రికి అట్టి ధ్రువపత్రమే లేదు. నిరాకరణ న్యాయమని నిరూపించు భారము సమాచారాధికారిదే.

అయినను మంత్రులకు రెండు తెరలు కలవు. మొదటిది మంత్రిమండలి పత్రములకు సంబంధించినది. నిర్ణయము జరిగి వ్యవహారము ముగియు వరకే ఆ రహస్యము; పిదప నిర్ణయమును, కారణములను వెల్లడింపవలెను. రెండవది, భద్రతా సంస్థలను ప్రకటన ద్వారా మినహాయించు అధికారము. అవినీతి, మానవహక్కుల ఉల్లంఘన ఆరోపణలకు ఈ తెర అడ్డురాదు. వ్యాపార రహస్యమను సాకు సైతము 20 సంవత్సరములు గడచిన సంగతులకు చెల్లదు.

చట్టములో లేని తెరలు ఉత్తరువులలో పుట్టవచ్చును. 2021 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి, శాఖాకార్యదర్శుల అనుమతి పొందిన పిదపనే సమాచార మీయవలెనని ఆదేశించిరి. కొలది కాలమునకే హైకోర్టు దానిని నిలిపివేసినది.

కావున రైతు "ఏల అమ్మితిరి?" అని వాదింపక, "2002 నాటి నిర్ణయపు ప్రతిని, అందలి కారణములను ఇప్పింపుడు" అని వ్రాయవలెను. సచివాలయమున కిచ్చు దరఖాస్తునకు రుసుము 10 రూపాయలు. కాగితములు వేఱొక కార్యాలయమున నున్నచో, 5 దినములలో దరఖాస్తును అచ్చటికి పంపుట అధికారి విధి. 30 దినములలో జవాబు రాకున్నను, నిరాకరించినను పై అధికారికి అప్పీలు, ఆపై సమాచార కమిషనుకు రెండవ అప్పీలు కలవు.

మూతపడిన కర్మాగారము తెరచుకొనునో లేదో, అది వేఱు మాట. అది ఏల చేతులు మారినదో తెలిసికొను ద్వారము మాత్రము మూతపడరాదు.