పెచ్చు ఊడని పండుగప్ప వేపుడు

భీమవరం: ఈ ప్రాంతపు చెరువుల్లో పెరిగే పండుగప్పకు ముళ్లు తక్కువ, ధర ఎక్కువ. అల్లుడొచ్చాడని కొని తెచ్చి వేయిస్తే, పైపొడి అంతా నూనెలోనే ఊడిపోతే ఇల్లాలికి ఎంత చిన్నతనం! తప్పు చేపది కాదు, తడిది.

ముక్కలకు ఉప్పు, కారం, పసుపు, నిమ్మరసం పట్టించి పావుగంట ఉంచాలి. ఊరిన నీటిని పొడిగుడ్డతో అద్ది తీసేయాలి. ముందు మైదాలో దొర్లించి, గిలకొట్టిన గుడ్డుసొనలో ముంచి, ఎండబెట్టి దంచిన బ్రెడ్డు పొడి అద్దాలి. అది లేకుంటే బొంబాయి రవ్వ. పది నిమిషాలు ఆరనిస్తే పెచ్చు గట్టిగా పట్టుకుంటుంది.

చిటికెడు పొడి వేస్తే సుయ్‌మనేలా నూనె కాగాలి. మూకుడు నిండా ముక్కలు వేస్తే నూనె చల్లారి, చేప నూనె పీలుస్తుంది. అడుగు ఎర్రబడ్డాకే తిప్పాలి. వేగాక మూత పెట్టరాదు. ఆవిరికి కరకర పోతుంది.