కణంలో తోడు ప్రోటీన్లు: అంతర్జీవద్రవ్యజాల ఒత్తిడిలో షాపరోన్‌ల పాత్ర

1. ప్రవేశిక:

పాశ్చాత్య సమాజంలో పెళ్ళికాని యువతి నలుగురిలోకి వెళ్ళేటప్పుడు వెంట ఉండి, తగని సాంగత్యం కలగకుండా చూసే పెద్ద స్త్రీని ‘షాపరోన్’ అనేవారు. 1978లో రాన్ లాస్కీ బృందం ఈ మాటను కణజీవశాస్త్రంలోకి తెచ్చింది. హిస్టోన్ ప్రోటీన్లు డి.ఎన్.ఎ.తో తప్పుగా అతుక్కోకుండా చూసే న్యూక్లియోప్లాస్మిన్‌ను వారు ‘అణు షాపరోన్’ అన్నారు. పోలిక సార్థకమైనదే. షాపరోన్ మరొక ప్రోటీనుకు రూపం కల్పించదు. ఆ రూపానికి ఆధారం ఆ ప్రోటీనులోని అమైనో ఆమ్లాల వరుస. తప్పు కలయికలు జరగకుండా కాచి, పని ముగిశాక షాపరోన్ తప్పుకొంటుంది. అందువల్ల ఈ వ్యాసంలో దానిని ‘తోడు ప్రోటీన్’ అని వ్యవహరిస్తున్నాను.

2. ఒత్తిడి – స్పందన:

ఇన్సులిన్ వంటి, కణం వెలుపలికి పంపే ప్రోటీన్లు అంతర్జీవద్రవ్యజాలంలో మడతపడి రూపు దిద్దుకొంటాయి. మడత పూర్తికాని ప్రోటీనులో, నీటికి దూరంగా లోపల ఉండవలసిన భాగాలు బయటపడి ఉంటాయి. అవి పరస్పరం అతుక్కొంటే ప్రోటీన్లు ముద్దకడతాయి. ‘బిప్’ అనే తోడు ప్రోటీన్ ఆ భాగాలను పట్టుకొంటూ, ఎ.టి.పి. శక్తితో విడుస్తూ, మడతకు వ్యవధి కల్పిస్తుంది.

ఉత్పత్తి భారం పెరిగినా, కాల్షియం తగ్గినా మడతపడని ప్రోటీన్లు పోగుపడతాయి. ఇదే అంతర్జీవద్రవ్యజాల ఒత్తిడి. మామూలు వేళల్లో పెర్క్, ఐ.ఆర్.ఇ.-1, ఎ.టి.ఎఫ్.-6 అనే మూడు గ్రాహకాలను బిప్ అంటిపెట్టుకొని ఉంటుంది. పని పెరిగినప్పుడు వాటిని వదలివస్తుంది, అవి మేల్కొంటాయి. పెర్క్ కొత్త ప్రోటీన్ల తయారీని తగ్గిస్తుంది. మిగిలిన రెండూ కేంద్రకానికి సంకేతం చేర్చి తోడు ప్రోటీన్ల ఉత్పత్తిని పెంచుతాయి. చక్కబడని ప్రోటీన్లు కణద్రవ్యంలోకి చేరి, ప్రోటియాసోమ్‌లో ముక్కలవుతాయి. ఒత్తిడి ఎంతకూ తీరకపోతే ఈ వ్యవస్థే కణాన్ని మరణానికి నడిపిస్తుంది. రెండవ రకం మధుమేహంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు నశించడానికి ఇదొక కారణం.

3. సంకేతం పంపలేని కణాలు:

కంటి కటకం నడిమి కణాలు పరిణతి చెందేటప్పుడు కేంద్రకాన్నీ, అంతర్జీవద్రవ్యజాలాన్నీ కోల్పోతాయి. ఇక కొత్త తోడు ప్రోటీన్లు రావు. అక్కడి కణద్రవ్యంలో ఉన్న ఆల్ఫా క్రిస్టలిన్ అనే తోడు ప్రోటీనే జీవితాంతం కాపాడాలి. హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో సిహెచ్. మోహనరావు బృందం దీనిపై విస్తృతంగా పరిశోధించింది. వేడికి దాని నిర్మాణంలో కలిగే మార్పు రక్షణశక్తిని పెంచుతుందని 1990ల్లో నిరూపించింది. అయినా ఆ నిల్వ తరిగేదే. వయసుతో అది క్షీణించగా ప్రోటీన్లు ముద్దకట్టి శుక్లం ఏర్పడుతుంది.

4. ముగింపు:

బీటా కణం తోడును పిలుచుకోగలదు. కటక కణం ఉన్న తోడుతోనే గడపాలి. రెండింటిలోనూ తోడుకు ఒక హద్దు ఉంది. ఆ హద్దు దాటినచోట మధుమేహం, శుక్లం వంటి వ్యాధులకు దారి ఏర్పడుతుంది.