స్వేచ్ఛ (తెలుగు ఆపరేటింగు సిస్టము)

స్వేచ్ఛ గ్నూ/లినక్సు ఆధారముగా 2005లో విడుదలైన తెలుగు ఆపరేటింగు సిస్టము. దీనిని వెలువరించిన హైదరాబాదు స్వచ్ఛంద సంస్థ పేరు కూడా ఇదే. ఇటువంటి సాఫ్టువేరుల ప్రచారభారము తరచుగా వాడుకరులపైనే పడుతుంది. ఫైర్‌ఫాక్సు 1.0 వెలువడినపుడు అభిమానుల విరాళాలతో న్యూయార్కు టైమ్సులో 2004 డిసెంబరు 16న రెండు పుటల ప్రకటన వేయించారు. స్వేచ్ఛకు ముఖ్య ప్రచారకులు ఇంజనీరింగు విద్యార్థులు. నకళ్ళు తీసి పంచుకొనుటకు లైసెన్సే అనుమతించుచున్నది గనుక, చేతులు మారిన ప్రతి సీడీ ఒక ప్రకటనయే. అయితే సీడీ ఇచ్చినంత మాత్రాన కొత్తవారు వాడరు; ప్రక్కన కూర్చుని, కంప్యూటరులోకి ఎక్కించి, తెలుగు టైపు చేయుట చూపవలెను. అట్టి శిబిరములలో అర్థము కాని అనువాదపదములు కూడా బయటపడతాయి. వాటిని సవరించి తదుపరి విడుదలలో చేర్చుటకు ఎవరి అనుమతీ అవసరము లేదు.