వెలుగును గూర్చిన పై చదువు

ఆవని కొండపై రాత్రివేళ టార్చిలైటు వెలిగించినచో, ఆ వెలుగు కొంతదూరము పోవునప్పటికే విచ్చుకొని పలుచబడును. 1969లో చంద్రునిపై దిగినవారు అచ్చట నుంచి వచ్చిన అద్దములవైపు భూమినుండి పంపిన లేసరు కిరణమో, చంద్రుని తాకి తిరిగి వచ్చినది. పోయివచ్చుటకు పట్టిన రెండున్నర సెకండ్లను బట్టి శాస్త్రజ్ఞులు చంద్రుని దూరమును కొలిచిరి. రెండును వెలుగులే, ఇంత భేదమెందులకు?

సంతలో జనులు తలకొక దిక్కున నడతురు. కోలాటములో అందఱును ఒకే తాళమునకు అడుగు వేయుదురు. దీపపు వెలుగు సంత వంటిది. లేసరు కోలాటము వంటిది. శక్తిని పుంజుకొనిన పరమాణువును తగిన కాంతికణము సమీపించినచో, అది సరిగా అట్టిదే మఱియొక కణమును విడుచును. ఒకటి రెండై, రెండు నాలుగై, ఎదురెదురుగా నున్న రెండద్దముల నడుమ వెలుగు బలపడును. ఈ సూత్రమును 1917లో ఐన్‌స్టీను చెప్పెను. 1960లో అమెరికాలో మైమన్ కెంపుతో తొలి లేసరును చేసెను. నేడది కంటి చికిత్సకు, ఇనుపరేకులు కోయుటకు, గాజుతంతులగుండ వార్తలు పంపుటకు ఉపయోగపడుచున్నది.

వెలుగును పట్టుకొను విద్య మన సీమకు క్రొత్త కాదు. 1965లో కోలారు బంగారు గనులలో, సుమారు 2,300 మీటర్ల లోతున, టాటా సంస్థ, ఒసాకా, డర్హం శాస్త్రజ్ఞులు వాతావరణమున పుట్టిన న్యూట్రినోల జాడ కనుగొనిరి. అందులకు వారికి తోడ్పడినది పరికరములలో మెఱసిన లేశమాత్రపు వెలుగే. తెలుగువాడైన సూరి భగవంతము రామన్ శిష్యుడై కాంతిపై పరిశోధించి, 1957 నుండి 1962 వరకు బెంగుళూరు విజ్ఞాన సంస్థకు డైరెక్టరుగా నుండెను.

విద్యార్థులారా! దారి యిది. పదవ తరగతి పిమ్మట పి.యు.సి.లో భౌతికశాస్త్రము, గణితము, పిదప బి.యస్సి.; ఆపై యం.యస్సి. ఐ.ఐ.టి.లలో యం.యస్సి.కి 'జామ్' అను పరీక్ష, ఇంజనీరింగు ముగించి యం.టెక్. చదువగోరువారికి 'గేట్' అను పరీక్ష కలవు. కొచ్చిన్ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయమున ఈ విద్యకు ప్రత్యేక విభాగమే కలదు. ఇందోరులోని రాజా రామన్న కేంద్రము లేసరు పరిశోధనకు ప్రసిద్ధము. అట్టిచోట్ల గణితముతోపాటు ఓర్పును వలయును. అద్దము వెండ్రుకవాసి జరిగినను లేసరు వెలుగదు.

తల్లిదండ్రులకొక మనవి. తెలుగున చదివినవారికి ఇది అందునా యని మీరు సందేహింపవచ్చును. బిందెనీళ్లలో కఱ్ఱ వంగినట్లు కనబడుటయే వక్రీభవనమని తెలిసిన బిడ్డకు 'రిఫ్రాక్షన్' అను పేరు నేర్చుట ఒకనాటి పని. అర్థమెఱుగక పేరు వల్లించినవారికి ఏండ్లు పట్టును. అయినను పై తరగతులు ఇంగ్లీషున సాగును గనుక, ఎనిమిదవ తరగతినుండియే రెండు పేర్లను ప్రక్కప్రక్కన వ్రాసికొనుట మేలు.

గనులు 2001లో మూతపడినవి. పదవ తరగతి కాగానే బిడ్డను పనికి పంపుట ఇంటికి ఆదరువే. కాని 'గేట్'లో నెగ్గి యం.టెక్.లో చేరినవారికి నెలనెల భృతి దొరకును. ఆడపిల్లల విషయమునను వెనుదీయవలదు. 2018లో లేసరు పరిశోధనకై నోబెల్ బహుమానము పొందిన వారిలో డోనా స్ట్రిక్లండ్ అను స్త్రీ కలదు. చదువుమాన్పింపదలచిన యెడల, ముందుగా ఒక్కమాఱు బడికి వచ్చి ఉపాధ్యాయులతో మాటలాడుడు.