ఆర్టీసీ కార్మికులకు ఊరట కొంత.. వెలితి కొంత

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌ డిపోలు సహా రాష్ట్రవ్యాప్తంగా 2019 అక్టోబర్‌ 5న మొదలైన సమ్మె, ఆర్టీసీ కార్మికులకు మిశ్రమ అనుభవాన్నే మిగిల్చింది. ప్రభుత్వంలో విలీనం ప్రధాన డిమాండుగా సాగిన ఆ సమ్మెను ఐకాస నవంబర్‌ 25న విరమించింది. డిసెంబర్‌ 1న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్‌ ప్రతి డిపో నుంచి ఐదుగురిని ప్రగతి భవన్‌కు పిలిపించి మాట్లాడారు. పదవీ విరమణ వయసును 60 ఏళ్లకు పెంచడం, మహిళా ఉద్యోగుల విధులను రాత్రి 8 గంటలలోపే ముగించడం వంటి వరాలు దక్కాయి.

అయితే యూనియన్ల ఎన్నికలకు బ్రేకు పడి, సంక్షేమ మండళ్లు తెరపైకి వచ్చాయి. డ్యూటీలు, సెలవులు, క్రమశిక్షణ చర్యలపై కార్మికుని పక్షాన డిపో మేనేజర్‌ను నిలదీసేది ఎన్నికైన సంఘమే. విలీన బిల్లును శాసనసభ 2023 ఆగస్టు 6న ఆమోదించింది. సౌకర్యం యాజమాన్యం ఇవ్వగలదు. ప్రశ్నించే గొంతును మాత్రం కార్మికులే ఎన్నుకోవాలి.