గూబ గుయ్యిమనకముందే...

మీకు తెలుసా?

2024 పారిస్ ఒలింపిక్స్‌లో టర్కీ షూటర్ యూసుఫ్ డికెచ్ ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, మామూలు కళ్లద్దాలతో నిలబడి పిస్టల్ పేల్చి రజతం కొట్టిన ఫొటో మీ ఫోన్‌కూ వచ్చే ఉంటుంది. ఏ సరంజామా లేకుండా వచ్చాడని లోకమంతా మురిసిపోయింది. ఆ ఫొటోను ఇంకోసారి చూడండి. చెవుల్లో ఇయర్‌ప్లగ్‌లు ఉన్నాయి! అన్నీ వదిలేసినవాడు అదొక్కటీ వదల్లేదు. అదీ మందుగుండు లేని, పెద్ద మోత చెయ్యని ఎయిర్ పిస్టల్‌కి.

★ మందుగుండుతో పేలే తుపాకుల మోత సుమారు 140 నుంచి 170 డెసిబెల్స్ దాకా ఉంటుంది. ఎన్.సి.సి. కేడెట్లు పేల్చే పాయింట్ 22 రైఫిల్ ఈ వరసలో కింది మెట్టు. డెసిబెల్స్ మామూలు కూడికలా పెరగవు. ప్రతి 10కీ శబ్దశక్తి పది రెట్లవుతుంది. అంటే 160 డెసిబెల్స్ తుపాకీ, 140 దానికంటే నూరు రెట్లు.

★ పెద్ద చప్పుడైతే చెవి తనంతట తానే కాస్త బిగుసుకుంటుంది. శరీరంలోకెల్లా చిన్నదైన స్టెపీడియస్ కండరం చేసే పని అది. కానీ తుపాకీ మోత దానికంటే వేగం. కండరం మేలుకునేసరికే దెబ్బ లోపలికి వెళ్లిపోతుంది. లోచెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు ఒక్కో చెవికి 15 వేలకు కాస్త అటూ ఇటూ. కోడికి అవి పోయినా మళ్లీ మొలుస్తాయి, మనిషికి మొలవవు. గూబ గుయ్యిమంటే, అది ఆ కణాలకు దెబ్బ తగిలిందన్న కబురు.

★ కుడిచేతి వాటం రైఫిల్ షూటర్లకు తరచుగా ముందు చెడేది ఎడమ చెవి! తుపాకీ మడమ కుడి భుజానికి ఆనిస్తే ఎడమ చెవి తుపాకీ మూతి వైపు తిరుగుతుంది. కుడి చెవి తల చాటున ఉంటుంది.

★ దీపావళికి మన ఇళ్లలో పెద్దవాళ్లు చెవిలో దూది పెట్టుకుంటారు కదా. తుపాకీ దగ్గర అది పనికిరాదు. దూదిలో సందులెక్కువ, వాటిగుండా శబ్దం హాయిగా దూరిపోతుంది. బెర్లిన్‌లో మాక్సిమిలియన్ నెగ్వర్ అనే మందుల తయారీదారు 1907లో దూదిని మైనంతో కలిపి ‘ఓరోపాక్స్’ చేశాడు. గ్రీకు పురాణకథలో ఓడ నడిపేవాళ్ల చెవుల్లో మైనం కూరిన ఘట్టమే అతనికి దారి చూపింది. ఇవాళ మనం నలిపి పెట్టుకునే మెత్తటి ఫోమ్ ప్లగ్ 1972 నాటిది. అమెరికాలో రాస్ గార్డ్‌నర్ రూపొందించాడు. నలిపితే సన్నబడి, వదిలితే మెల్లగా ఉబ్బి చెవి గొట్టం ఆకారం తెచ్చుకోవడమే దాని కిటుకు.

★ ఆ కిటుకు పనిచెయ్యాలంటే పెట్టుకునే తీరు తెలియాలి. దీపం వత్తి చేసినట్టు ముడతలు పడకుండా సన్నగా నలపండి. రెండో చేతిని తల మీదుగా తెచ్చి, బడిలో మాస్టారు పట్టుకున్నట్టు చెవిని పైకీ వెనక్కీ లాగండి. వంకర తిరిగిన గొట్టం తిన్నబడుతుంది. ప్లగ్‌ను లోపలికి పంపి, ఉబ్బేదాకా అర నిమిషం వేలితో ఆపండి. అద్దంలో ఎదురుగా చూసుకుంటే ప్లగ్ సగానికి పైగా బయటికి పొడుచుకొచ్చిందా? పెట్టుకోవడం కుదరలేదన్నమాట.

★ ‘నొప్పిగా ఉంది’ అనేవాళ్లలో చాలామందిది ప్లగ్ సైజు సమస్య. ఒకే మనిషి రెండు చెవుల గొట్టాలూ ఒకే కొలతలో ఉండాలని లేదు. ఎడమకు చిన్నదీ, కుడికి మధ్యరకమూ పెట్టుకుంటే తప్పేం కాదు. ఫోమ్ ఒత్తిడి పడనివాళ్లకు మూడు అంచెల గొడుగుల్లాంటి సిలికాన్ ప్లగ్‌లున్నాయి. నలపనక్కర్లేదు, సబ్బు నీళ్లతో కడిగి మళ్లీ వాడుకోవచ్చు. వారానికి నాలుగు రోజులు షూటింగ్ రేంజ్‌కి వెళ్లేవాళ్లయితే చెవి అచ్చు తీయించి ప్లగ్ చేయించుకుంటారు.

★ ప్లగ్ ఎంత మోత తగ్గిస్తుందో చెప్పే ఎన్.ఆర్.ఆర్. అనే అంకె ఒకటి ప్యాకెట్ మీద ఉంటుంది. ఫోమ్ ప్లగ్‌లకు ఎక్కువలో ఎక్కువ 33. అది ప్రయోగశాలలో, పద్ధతిగా పెట్టినప్పటి లెక్క. అందులోంచి 7 తీసేసి, మిగిలినదాన్ని సగం చేసుకోమంటుంది అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా. అప్పుడు 33 కాస్తా 13కి దిగుతుంది.

★ నొప్పి పుట్టించే ప్లగ్‌ను ఎవరైనా ఏం చేస్తారు? మధ్యమధ్యలో తీస్తారు. 30 డెసిబెల్స్ తగ్గించే ప్లగ్ అయినా సరే, ఆగని మోతలో ప్రతి పది నిమిషాలకు ఒక నిమిషం తీసేస్తే మొత్తం మీద దక్కే రక్షణ 10 డెసిబెల్స్‌కి మించదు. రేంజ్‌లో అయితే ఆ నిమిషంలో పక్క లేన్ వాడు పేల్చేది ఒక్కటి చాలు. అందుకే, గంటసేపు కదపకుండా ఉంచుకోగలిగిన 25 ప్లగ్, పది నిమిషాలకే పీకెయ్యాలనిపించే 33 కంటే మేలు.

★ అమరిక కుదరకపోతే ఎంత దూరం వెళ్తుందో చెప్పే కేసు ఒకటుంది. అమెరికా సైనికులు వాడిన రెండు కొనల ‘కంబాట్ ఆర్మ్స్’ ప్లగ్‌లు పొట్టిగా ఉన్నాయనీ, తెలియకుండానే వదులైపోయేవనీ, తమ వినికిడి దెబ్బతిందనీ లక్షల మంది దావాలు వేశారు. త్రీఎం కంపెనీ తప్పు ఒప్పుకోలేదు గానీ, 2023లో 601 కోట్ల డాలర్లకు రాజీకి వచ్చింది.

★ ప్లగ్ ఎంపిక తుపాకీని బట్టి కూడా. 2012 లండన్‌లో కాంస్యం తెచ్చిన హైదరాబాదీ గగన్ నారంగ్‌ది ఎయిర్ రైఫిల్. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ జట్టు స్వర్ణంలో పాలుపంచుకున్న ఈషా సింగ్‌ది పాయింట్ 22. అక్కడే ట్రాప్ జట్టు స్వర్ణం గెలిచిన కైనన్ చెనాయ్‌ది 12 బోర్ షాట్‌గన్. ముగ్గురిదీ హైదరాబాదే, మూడు మోతలూ వేరు. పెద్ద తుపాకీకీ, నాలుగు గోడల మధ్య రేంజ్‌కీ ప్లగ్ మీద చెవి మొత్తం కప్పే ఇయర్ మఫ్ కూడా వేసుకోవాలి. అయితే రెండు అంకెలూ కూడెయ్యకండి. రెండోది కలిపేది సాధారణంగా ఓ 5 డెసిబెల్సే అని లెక్క వేసుకోండి.

★ మఫ్ ఒక్కటే చాలదా? రైఫిల్ మడమకు చెంప ఆనిస్తే అది మఫ్‌కి తగిలి పక్కకు జరుపుతుంది. కళ్లద్దాల కాడ కూడా సందు చేస్తుంది. మన ఎండల్లో చెమట సంగతి చెప్పక్కర్లేదు. మాటలు వినిపించే ఎలక్ట్రానిక్ మఫ్‌లు సాధనకు బాగుంటాయి గానీ, శబ్దాన్ని అందుకునే పరికరమున్న వాటిని అంతర్జాతీయ పోటీల్లో క్రీడాకారులు పెట్టుకోకూడదు.

★ తుపాకీ ముట్టుకున్న చేతికి సీసం అంటుకుంటుంది. ఆ వేళ్లతోనే ఫోమ్ నలిపితే అది ప్లగ్‌కి, ప్లగ్ నుంచి చెవికి. కాబట్టి ముందు ప్లగ్, తర్వాతే తుపాకీ. తీసేటప్పుడు చేతులు కడుక్కుని, మెల్లగా తిప్పుతూ తియ్యండి. ఒక్క గుంజు గుంజితే కర్ణభేరి లాగినట్టవుతుంది.

★ కొనేటప్పుడు ఒకే రకం డబ్బా నిండా తెచ్చుకోకండి. మూడు నాలుగు రకాలు ఒక్కో జత తెచ్చి ఇంట్లో పెట్టుకుని చూడండి. మిక్సీ తిరుగుతుండగా ప్లగ్‌ల మీద అరచేతులతో చెవులు గట్టిగా మూసుకోండి. మోత ఇంకా బాగా తగ్గితే ప్లగ్ సరిగ్గా కూర్చోలేదు. పెద్దగా తేడా లేకపోతే కూర్చున్నట్టే. ఇక దాన్ని అలాగే ఉంచుకుని భోంచెయ్యండి, మాట్లాడండి. దవడ కదిలినప్పుడల్లా చెవి గొట్టం ఆకారం మారుతుంది, వదులయ్యే ప్లగ్ అక్కడే దొరికిపోతుంది. పెరుగన్నం దాకా వచ్చినా చెయ్యి చెవి మీదికి పోలేదా? రేంజ్‌కి పట్టుకెళ్లాల్సిన జత అదే.